మొలకల గది కిటికీ

పెళ్ళయిన నలభై ఆరో రోజున ఆడి నెల వచ్చి నన్ను పుట్టింటికి తోలేసింది.

ఆంధ్ర వాళ్ళకు ఆషాఢం ఎలాగో తమిళనాట ఉన్న మాకు ఆడి అలాగ. కొత్త జంట ఆ నెలంతా ఒకే ఇంట్లో ఉండకూడదు, ఒకరి మొహం ఒకరు చూసుకోకూడదు. ఉంటే నడి ఎండల్లో బిడ్డ పుడుతుందని పెద్దవాళ్ళ భయం. నేను ఎం.ఏ. ఇంగ్లీషు చదివినదాన్ని, ఆ భయానికి నాలుగు జవాబులు చెప్పగలను. కానీ నాయన విరుదునగరంలో మా అత్తగారింటికి పళ్ళూ పూలూ చీరా పట్టుకుని వచ్చి నిలబడితే, ఒక్క జవాబూ నోటికి రాలేదు. సంచీ సర్దుకున్నాను. ఉదయ్ వీధి మలుపుదాకా వచ్చి, నాయన చూడనప్పుడు సంచీ పక్క జేబులో ఏదో తోశాడు. బస్సెక్కాక తీసి చూస్తే కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయి. కోవిల్‌పట్టికి పోయే మనిషికి విరుదునగరంలో కోవిల్‌పట్టి మిఠాయి కొనిచ్చి పంపే మొగుడు నాకే దొరికాడని సాత్తూరు దాటేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. నాయన కిటికీ వైపు తిరిగి చాలా శ్రద్ధగా ఏమీ చూడకుండా కూర్చున్నాడు.

మా ఊరు కోవిల్‌పట్టికీ కయత్తారుకూ నడుమ, హైవే నుంచి కిలోమీటరు లోపలికి ఉంటుంది. చుట్టూ నల్లరేగడి, దాని మీద గాలిమరలు. ఉదయ్ పని ఆ మరలతోనే. గాలి కాలంలో వాటికి సెలవుండదు కాబట్టి అతనికీ ఉండదు. రోజూ పొద్దున కంపెనీ తెల్ల వ్యాన్ విరుదునగరంలో బయల్దేరి ఏడుంబావుకి మా ఊరి బైపాస్ మీదుగా పోయేది. మా మిద్దె ఎక్కితే అది గోరంత కనపడేది. ఆ గోరంతలో కుడివైపు రెండో కిటికీ అతనిది. నేను తడి చీర ఒకటి ఆరేస్తున్నట్టు నిలబడేదాన్ని. ఆడి గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందని సామెత, చీర ఎంత? రెండుసార్లు పక్కింటి మేకల కొట్టంలోకి పోయి తెచ్చుకున్నాను. పగలంతా కూర్చోలేకపోయేదాన్ని. నీళ్ళు తాగడానికి లేచి, ఎందుకు లేచానో మరిచి, గుమ్మం దాకా పోయి తిరిగి వచ్చేదాన్ని. తలుపులు కొట్టుకుంటూనే ఉండేవి, నాలాగే.

ఊరి చివర పిల్లల హాస్టల్ నడిపే దేవసహాయం సార్ ఆ వారమే మా ఇంటికి వచ్చారు. కెనడా నుంచి ఒక చర్చి వాళ్ళు వస్తున్నారు, తొమ్మిదిమంది, అందులో ఏడుగురు ఇంకా కాలేజీ గడప తొక్కనివాళ్ళు. రెండు వారాలు హాస్టల్ పిల్లలకూ ఊరి పిల్లలకూ సాయంగా ఉంటారు. వాళ్ళ ఇంగ్లీషును మన మాటలోకి మార్చి చెప్పే ఆయనకు కామెర్లు. మీ అమ్మాయి రాగలదా అని అడిగారు. అమ్మ ఆలోచనలో పడింది. కొత్త పెళ్ళికూతురు, పైగా అత్తగారికి చెప్పకుండా. నాయన మాత్రం తల తుడుచుకుంటూ, "మిద్దె మీద నిలబడి ఒకే సీర వారమంతా ఎండేసేదానికి ఇది మేలు. పోనీ" అన్నాడు. అంటే ఆయనకు అన్నీ తెలుసు.

వచ్చినవాళ్ళను చూసి ఊరు రెండు రోజులు పని మానుకుంది. పెద్దావిడ పేరు జోన్, రిటైరయిన నర్సు. పిల్లల్లో నాకు బాగా గుర్తున్నది టెస్సా, పదిహేడేళ్ళది, చెంపల మీద ఎండ పొక్కులు. సేవ చెయ్యడానికి వచ్చినవాళ్ళు కదా, పొద్దున్నే వలయంగా కూర్చుని ప్రార్థన చేసుకుని, ఒక్కొక్కరూ ఒక్కొక్క పనికి లేచేవారు. గోళ్ళు తీయడం, చెవులు చూడడం, పళ్ళు తోమడం నేర్పడం, సాయంత్రం బడి మైదానంలో ఆడపిల్లలకు ఫుట్‌బాల్. మా ఊళ్ళో వయసొచ్చిన ఆడపిల్ల బంతి తన్నడం అదే మొదటిసారి. మూడో రోజుకి ఎవరు ఎవరికి సేవ చేస్తున్నారో తెలియకుండా పోయింది. పిల్లలు టెస్సా జుట్టును పదకొండు జడలుగా వేశారు, వేపపుల్లతో పళ్ళు తోమించారు, చేత్తో చారన్నం కలపడం నేర్పారు. నాకు అదంతా ఎంత బాగుండేదో. రాత్రి ఉదయ్‌కి ఫోన్‌లో చెబుతుంటే, తెల్లపిల్ల అప్పళం కొరికిన చప్పుడు కూడా చేసి వినిపించేదాన్ని.

మొదటి రోజే జోన్ పుస్తకం తెరిచి, ఇక్కడ మేం చెయ్యకూడనివి ఏమిటో చెప్పమని అడిగింది. నన్ను అలా ఎవరూ ఎప్పుడూ అడగలేదు. గర్వంగా ఏడెనిమిది చెప్పాను. చెప్పులు బయట విడవాలి, ఎడమచేత్తో ఇవ్వకూడదు, అలాంటివి. మొలకల సంగతి అప్పుడు చెప్పలేదు. అవి ఇంకా చల్లలేదు మరి, చల్లాక చెబుదామనుకున్నాను.

ఆడిలో మా ఊరి అమ్మవారికి ఇంటికొక ఆడమనిషి మొలకల కుండ పెడుతుంది. ముళప్పారి అంటాం. కుండలో ఎరువూ రేగడిమన్నూ నింపి తొమ్మిది రకాల గింజలు చల్లుతాం. ఊరి సావడి వెనక గదిలో కుండలన్నీ పెట్టి, కిటికీకి గోనెసంచులు కుక్కి, తలుపేస్తాం. చీకట్లో మొలకలు వెలుతురు వెతుక్కుంటూ జానెడు పొడుగు, పసుప్పచ్చగా, వెంట్రుకల్లా లేస్తాయి. తొమ్మిదో రోజు తలమీద పెట్టుకుని ఊరేగింపు. ఏ ఇంటి కుండ ఎలా మొలిచిందో ఆ ఇంటికి ఆ ఏడు అలా ఉంటుందని నమ్మకం. అందులోనూ కొత్త పెళ్ళికూతురి కుండను ఊరంతా మెడ చాచి చూస్తుంది. ఆ ఏడు ముప్పై మూడు కుండలు. నాది కిటికీ కింద.

గది తాళం పొన్నుత్తాయవ్వది. ముప్పై ఏళ్ళుగా లోపలికి పోయి నీళ్ళు చల్లేది ఆవిడ ఒక్కతే. ఆ ఏడు మోకాళ్ళు మొరాయించడంతో తాళం మనవరాలు మారీశ్వరి నడుముకి ఎక్కింది. మారీశ్వరి తొమ్మిదో తరగతి, తల్లి లేదు, తండ్రి తిరుప్పూరులో ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. ఆ పిల్లకు ఊళ్ళో ఉన్న ఆస్తి ఒక్కటే, చేతి రాశి, హస్తవాసి అంటారే అది. ఏడేళ్ళప్పుడు ఊళ్ళో రైతు ఆండి తాత మిరపనారు మడిలో ఆడుకుంటూ గుప్పెడు గింజలు చల్లిందట, ఆ ఏడు నారు ఒక్క గింజ పోకుండా లేచిందట. అప్పట్నుంచి ఎవరు విత్తనం వేసినా మొదటి గుప్పెడు మారీశ్వరి చేతే. పొద్దున్నే వచ్చి పిలుచుకుపోయేవారు. విత్తనం చల్లాక ఆ ఇంట్లో పీట వేసి అన్నం పెట్టేవారు. తల్లి లేని పిల్లను ఎవరైనా పీట వేసి కూర్చోబెట్టేది ఆ ఒక్క పనికే. ఫుట్‌బాల్లోనూ ఆ చేతులతోనే గోల్ కాచేది, టెస్సా నేర్పగా. ఇద్దరికీ మధ్య నేను అక్కర్లేకపోయింది. అచ్చనగాయలు ఆడుకుంటూ ఆమె ఇంగ్లీషులో, ఈమె తమిళంలో, గంటలు గంటలు.

మొలకలు వేసిన ఆరో రోజు. వచ్చినవాళ్ళు ఊరికి గుర్తుగా సావడికి రంగు వేస్తామన్నారు, ప్రెసిడెంటు సరేనన్నాడు. పొద్దున తొమ్మిదిన్నరకు డబ్బాలు తెరుస్తుండగా ఫోన్ మోగింది. మరకు ఏదో భాగం కావాలని కోవిల్‌పట్టి పోయి తిరిగొస్తున్నాడట, జీప్ డ్రైవర్ మంచివాడట, బైపాస్ టీ కొట్టు దగ్గర పది నిమిషాలు ఆపుతాడట.

నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. చెప్పులు వెతుక్కుంటుంటే టెస్సా బ్రష్ పట్టుకుని వచ్చింది. కిటికీల చట్రాలు నీలం వేస్తున్నాం, వెనక గదికి కూడానా అని అడిగింది.

నేను రోడ్డు వైపు చూస్తున్నాను. "అన్నీ" అన్నాను. తల కూడా ఊపాను.

ఆ తరవాత పరుగు. గాలి ఎదురుగా తోస్తున్నా పరుగే. ఉదయ్ మోచేతులదాకా గ్రీజు, కనురెప్పల మీద రేగడి దుమ్ము. పదమూడు రోజుల తరవాత అంత దగ్గరగా చూడడం. ఒకే గ్లాసు టీ తీసుకుని, గాలికి దుమ్ము పడకుండా తను అరచెయ్యి మూతపెట్టి, ఒక గుక్క నాకు, ఒక గుక్క తనకు. అంతే మేం చేసింది. పది నిమిషాలన్నది ఇరవై అయిదు అయింది. ఎదురుగాలి వెనకగాలై నన్ను ఇంటికి తోసుకొచ్చింది, నేను పాడుకుంటూ వచ్చాను.

సావడి వెనక గది తలుపు తెరిచి ఉంది. గోనెసంచులు నేల మీద ఉన్నాయి. కిటికీ రెక్కలు బార్లా.

గాలి అంటే ఏమిటో తెలియని మొక్కలవి. ఆరు రోజుల బతుకులో వాటిని కదిలించినదేదీ లేదు. కిటికీ కింద ఉన్న కుండలన్నిట్లో మొలకలు ఒకవైపుకి వాలి, ఒకదాని మీదొకటి పడి, తడి జుట్టులా అతుక్కుపోయి ఉన్నాయి. మీద రేగడి దుమ్ము. పంతొమ్మిది కుండలు. మూల గోడ చాటున ఉన్నవి నిలబడే ఉన్నాయి. అక్కడ అన్నిటికంటే నిటారుగా, ఏమీ జరగనట్టు నిలబడింది మారీశ్వరి కుండ.

టెస్సా బ్రష్ పట్టుకుని అలాగే నిలబడి ఉంది. మారీశ్వరి గోనెసంచీ ఒకటి ఛాతీకి హత్తుకుని ఉంది. తరవాత తెలిసింది, తను మొదట తలుపు తియ్యనందట. టెస్సా నా పేరు చెప్పి, అన్నీ అని చేతులతో చూపించిందట. ఊరి ఆడపడుచు, అక్కకు తెలియదా, అక్క ఏదో ఆలోచించే చెప్పి ఉంటుందనుకుందట.

కాసేపట్లో సావడి అరుగు నిండా ఆడవాళ్ళు. అరుపులు లేవు, అదే భయమేసింది. పొన్నుత్తాయవ్వ గోడ పట్టుకుని వచ్చి, లోపలికి తొంగి చూసి, గడపమీదే కూర్చుంది. ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. "పావం, కొత్త పిల్ల కుండ" అన్నారు. నాది నేలకరిచిందని అందరూ నన్ను చూసి నాలుక చప్పరిస్తున్నారు. అమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. ఆండి తాత భార్య కమలమ్మాళ్ మాత్రం నన్ను చూడలేదు. "ఊరోళ్ళ కుండలన్నీ పడిపాయ. తాళం ఉన్నోళ్ళ కుండ మాత్రం నిలిచుండాది" అంది.

అప్పుడు టెస్సా ఏడుస్తూ ముందుకొచ్చింది. మూడు మాటలు చెప్పింది. నన్ను క్షమించండి. లోపల ప్రాణమున్నవి ఉన్నాయని నాకు తెలియదు. సుధను అడిగితే అన్ని కిటికీలూ అంది.

అందరూ నావైపు తిరిగారు. మొదటి రెండు మాటలూ మన మాటలోకి మార్చి చెప్పాను. మూడోది గొంతు దాటి రాలేదు.

"నీ పేరు సెప్పె గదా ఆ పిల్ల. ఏంటికి?" అంది కమలమ్మాళ్.

"నన్ను సెప్పమంటా ఉండాది అత్తా" అన్నాను. అబద్ధం అంత సులువుగా వస్తుందని నాకు తెలియదు.

తొమ్మిదో తరగతి ఇంగ్లీషుకు ఆ మూడు మాటలు కష్టమైనవేం కాదు. మారీశ్వరి ఒక్కసారి నన్ను చూసింది. నేను ఎక్కడికి పోయానో తనకు తెలుసు, పరుగెత్తడం చూసింది. చూపు దించుకుని గోనెసంచీ మడత పెట్టడం మొదలుపెట్టింది. అవ్వ అడిగినా నోరు విప్పలేదు. చెబితే నా ఆడి నెల గుట్టు బయటపడుతుందని, పుట్టింటికీ అత్తింటికీ చెడుతుందని ఆ పిల్ల నాకంటే ముందు ఆలోచించింది.

కమలమ్మాళే తీర్పు చెప్పింది. ఈ ఏడు మారీశ్వరి కుండ ఎత్తకూడదు. తాళం అవ్వ నడుముకి తిరిగి వెళ్ళింది.

ఆ సాయంత్రం జోన్ వాళ్ళు వలయంగా కూర్చుని చాలాసేపు లేవలేదు. తరవాత టెస్సా నా దగ్గరికి వచ్చి, నేను నిన్ను అడిగే తెరిచానని వాళ్ళకు చెప్పావు కదా, అయినా కోపంగా ఉన్నారా అని అడిగింది. చెప్పానన్నాను. అది రెండో అబద్ధం, ఇంకా సులువుగా వచ్చింది. ఉదయ్‌కి ఫోన్ చేసి చెప్పాను. "నేను పిలవకుండా ఉండాల్సింది" అన్నాడు. "అమ్మకు తెలిస్తే..." అని ఆగిపోయాడు. మా అత్తగారు ముత్తమ్మాళ్ ఎలాంటి మనిషో నలభై ఆరు రోజుల్లో నాకు తెలిసింది కొంచెమే. ఆ కొంచెమూ భయపెట్టేదే.

మర్నాడు ఆండి తాత మిరపనారు మడి సిద్ధం చేశాడు. బడి మైదానం పక్కనే ఆ బావి చేను. పిల్లలు ఆడుతున్నారు, మారీశ్వరి గోల్ దగ్గర. గంపలో గింజలు పట్టుకుని తాత గట్టు మీదుగా నడిచి వచ్చాడు, వెనక తన చెల్లెలి మనవరాలు. మారీశ్వరి పక్కనుంచే పోయారు. తాత తల తిప్పలేదు. మంచివాడే, అందుకే తిప్పలేకపోయాడు. ఆ పిల్ల మొదటి గుప్పెడు చల్లింది. ఇటు బంతి వచ్చింది, మెల్లగా, చిన్నపిల్ల తన్నిన బంతి. మారీశ్వరి చేతులు వెనక్కి పెట్టుకుని అది దాటిపోయేదాకా చూసింది. టెస్సా ఈల ఊదడం మరిచిపోయింది.

ఆ రాత్రి నేను తినలేదు, కూర్చోలేదు, పడుకోలేదు. తెల్లారి వ్యాన్ వచ్చే వేళకు మిద్దె కూడా ఎక్కలేదు. చెబుదామని పొన్నుత్తాయవ్వ ఇంటిదాకా రెండుసార్లు పోయి, పాల కోసం వచ్చానని చెప్పి రెండుసార్లూ అక్కర్లేని పాలు తెచ్చుకున్నాను.

ఊరేగింపుకు ముందు రోజు, పండక్కి పిలిచారని మా అత్తగారు విరుదునగరం నుంచి బస్సు దిగింది. చీరా పళ్ళూ మల్లెపూలూ. వియ్యపురాలని సావడి అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టారు. కుండల సంగతి ఎవరూ చెప్పకుండా ఉండలేదు. ఒకరు మొదలుపెడితే నలుగురు పూర్తి చేశారు, నీ కోడలి కుండే ముందు పడిందని. అత్త మొహం నల్లబడింది.

"ఆ పిల్లను పిలవండి, సూస్తా" అంది.

మారీశ్వరి వచ్చి స్తంభం పక్కన నిలబడింది. అత్త కేకలేసే మనిషి కాదు, మెల్లగా అడుగుతుంది, అందుకే భయం. "ఏంటికమ్మా తెరిస్తివి?" అంది. ఆ పిల్ల పలకలేదు. "వయసు పిల్లవు. సెప్తే గదా తెలిసేది. నోరు లేదా నీకు?"

"దానికి నోరుండాది అత్తా" అన్నాను. "నాకే లేకపాయ."

ఎలా లేచి నిలబడ్డానో తెలియదు. టెస్సా వాళ్ళు అరుగు చివర పూలు కడుతున్నారు, వాళ్ళూ తలెత్తారు. నేను పొన్నుత్తాయవ్వను చూస్తూ చెప్పాను. "ఆ గది గూడానా అని ఆ తెల్ల పిల్ల నన్ను అడిగె, అవ్వా. అన్నీ అని సెప్పిన. మారీశ్వరి నా మాట మీదనే తీసింది. ఆ పొద్దు ఆ పిల్ల సెప్పిన మూడో మాట నేను మింగేసిన."

అవ్వ కళ్ళు చిట్లించింది. "నువ్వు ఆడనే ఉంటివి గదా. సూస్తా ఎట్ల ఊరుకుంటివి?"

"ఆడ లేను. బైపాస్ కాడ ఉంటి."

"బైపాస్ కాడ ఏం పని?"

నేను అత్త వైపు తిరగాల్సి వచ్చింది. "మీ కొడుకుతో టీ తాగితి."

గాలికి సావడి రేకు లేచి పడింది. అత్త నన్ను కాదు, నా వెనక ఎక్కడో చూసింది.

"వాడు టీ తాగడు" అంది.

"తాగతాడత్తా. ఒగ గ్లాసులో ఇద్దరం."

వెనక ఎవరో ఫక్కున నవ్వి నోరు మూసుకున్నారు. కమలమ్మాళ్ నవ్వలేదు, నేల చూస్తోంది. అమ్మ స్తంభానికి తల ఆనించింది. పొన్నుత్తాయవ్వ చాలాసేపు మోకాళ్ళు రుద్దుకుంది.

"పడిన మొక్కకు నార కట్టి నిలబెడతాం" అంది చివరికి. "మారీశ్వరి కుండ మారీశ్వరి ఎత్తుతుంది. నీ కుండ గదిలోనే ఉంటుంది. నువ్వు వట్టి తలతో వెనకాల నడువు." కొత్త పెళ్ళికూతురు వట్టి తలతో నడవడమంటే ఈ ఏడు తనకు మొలక లేదని ఊరి ముందు ఒప్పుకోవడమే. అవ్వ కమలమ్మాళ్ వైపు ఒకసారి చూసింది. కమలమ్మాళ్ లేచి, దులుపుకుని వెళ్ళిపోయింది.

టెస్సాకు జరిగిందంతా ఆమె భాషలో చెప్పాను, రెండు అబద్ధాలతో సహా. ఆమె, రేపు నీ పక్కన నడవనా అని అడిగింది. జోన్ మాత్రం, వీధిలో నడవచ్చు, గుడి మలుపు దగ్గర ఆగిపోవాలి అంది. అవ్వను అడిగితే, "వట్టి తలకాయలే గదా, ఎన్ని ఉంటే ఏం" అంది.

రాత్రి అన్నాల దగ్గర అత్త రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది. తరవాత తమలపాకు మడుస్తూ, నన్ను చూడకుండా అడిగింది.

"సక్కెర ఎంత ఏసుకుంటాడు?"

"రెండు చెంచాలు."

"ఇంట్లా కాపీకి ఒగటి సాలంటాడు" అంది. ఆకు చేతిలోనే ఉండిపోయింది. ఆవిడ అంతమాత్రమే దెబ్బతింది, కానీ ఎక్కడో లోపల తగిలింది. ఇరవై ఎనిమిదేళ్ళు తను వడ్డించిన మనిషి ఇంకొక రుచితో ఇంకెక్కడో ఉన్నాడని అప్పుడే తెలిసినట్టుంది. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. చాప పరిచాక చెప్పింది, ఆడి అయ్యేదాకా ఉదయ్ వ్యాన్‌లో రాడు, రైల్లో కయత్తారు వైపు పోతాడని. రైలు మా మిద్దెకు కనపడదు. సరేనన్నాను. ఆవిడ పక్కకు తిరిగి పడుకుని, "ఆడి పోయి ఆవణి పుట్టే తొలి దినం నేనే వచ్చి పిలుసుకుపోతా" అంది.

మర్నాడు సాయంత్రం మేళాలతో కుండలు బయటికి వచ్చాయి. వాటిలో పద్దెనిమిదింటికి చీపురుపుల్లల దన్ను, కొబ్బరినార కట్లు. గాయాలకు కట్టు కట్టిన పిల్లల్లా ఉన్నాయి అన్నాడు నాయన. ముప్పై రెండు మంది ఆడవాళ్ళు వరసగా నడిచారు. మారీశ్వరిని అందరికంటే చివర నిలబెట్టారు. ఎవరు నిలబెట్టారో తెలియదు, వరస అలా పడింది. ఆమె వెనక నేనూ టెస్సా, వట్టి తలలతో, వట్టి కాళ్ళతో. జనం నన్నే చూశారు. కొందరు చెవులు కొరుక్కున్నారు. మా అత్త అరుగుమీద నిలబడి చూస్తూనే ఉంది, లోపలికి పోలేదు.

ప్రతి ఇంటి ముందూ ఆ ఇంటి ఇల్లాలు బిందెతో పసుపునీళ్ళు పట్టుకుని, కుండ ఎత్తిన వాళ్ళ కాళ్ళ మీద పోస్తుంది. నీళ్ళు పోస్తేనే ఆ కుండను ఆ ఇల్లు ఒప్పుకున్నట్టు. కొన్ని ఇళ్ళ ముందు మారీశ్వరికి పోశారు. కొన్నింటి ముందు ఆమె వచ్చే వేళకు బిందె అయిపోయింది, నిజంగా అయిపోయిందో ఏమో, వాళ్ళు చేతులు చూపించారు. ఆమె ఆగకుండా నడిచింది.

ఆండి తాత ఇల్లు చివరి మలుపులో. కమలమ్మాళ్ ముప్పై ఒక్క మందికీ వరసగా పోసింది. మారీశ్వరి ముందుకొచ్చింది. కమలమ్మాళ్ బిందె వంచి చూసింది. అడుగున చుక్క లేదు.

"ఉండు" అంది. లోపలికి పోయింది.

ముందున్నవాళ్ళు నడుస్తూనే ఉన్నారు. మేళం మలుపు తిరిగింది, చప్పుడు సన్నబడింది. మారీశ్వరి రెండు చేతులూ ఎత్తి కుండ పట్టుకుని ఒంటరిగా నిలబడింది. గాలి మొలకలను ఊపుతోంది. లోపల తొట్టి దగ్గర చెంబు చప్పుడు వినపడలేదు. టెస్సా నా చెయ్యి పట్టుకుంది, ఆవిడ వస్తుందా అని అడిగింది. నాకు తెలియదని చెప్పాను. అది నిజం, అబద్ధాలంత సులువుగా మాత్రం రాలేదు.

గుమ్మంలో ముందు బిందె కనపడింది, తరవాత కమలమ్మాళ్. నిండా నీళ్ళు, కొత్తగా కలిపిన పసుపు ఇంకా కరగక పైన తిరుగుతోంది. ఆవిడ నేరుగా వచ్చి వంగి, ఒక కాలి మీద పోసింది, తరవాత రెండో కాలి మీద. బిందె సగానికి పైగా అయ్యేదాకా పోస్తూనే ఉంది.

"రేపు రెండో మడికి నారు పోస్తాడు మీ తాత" అంది, నిలబడి నడుము పట్టుకుంటూ. "తెల్లారి రా. అన్నం ఈడనే."

మారీశ్వరి తల ఊపలేదు, తలమీద కుండ ఉంది. రెప్పలు మాత్రం ఒకసారి వాల్చి ఎత్తి, తడి కాళ్ళతో మేళం పోయిన వైపు నడిచింది.